కావిడి దించిన వేసవి

మా ఆయన గుండెనొప్పిని ఏడాదిపాటు వాయువు అనుకున్నాం. వాము నమిలించాను, ఇంగువ నీళ్ళు పట్టించాను. కడుపు నిండితే సర్దుకుంటుందని ఇంకో ముద్ద బలవంతాన తినిపించి మరీ పనికి పంపాను. తలచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా ఉద్దానంలో, సముద్రం ఒడ్డు ఇసకలో కొబ్బరి మొక్క నాటితే మూడు నాలుగు వేసవులు చేత్తో నీళ్ళు పొయ్యాలి. నూతి దగ్గర రెండు కుండలు నింపి, కావిడి భుజాన వేసుకొని, మడమలు దిగబడే ఇసకలో మొక్క మొక్కకీ నడవాలి. మావి ఆరు వరసలు. పిల్లలు లేరు, కూలిమనిషిని పెట్టుకునే స్తోమత లేదు. ఆ వేసవి రెండో వరసకే ఆయన కావిడి దించి, రొమ్ము పట్టుకొని కూలబడుతున్నాడు. కాసేపు ఆగితే నొప్పి పోయేది, నడిస్తే మళ్ళీ వచ్చేది. వాయువుకి నడకతో ఏం పని? ఆ ముక్క నాకు అప్పుడే తోచి ఉండాల్సింది.

చివరికి బండి కట్టించుకొని మందస మీదుగా పలాస వెళ్ళాం. అక్కడ వైద్యం చేసే డాక్టరుగారు నెమ్మదస్తుడు.

"గుండె కూడా కండేనమ్మా. ఒళ్ళంతటికీ రక్తం తోస్తుంది గాని, దానికీ రక్తం కావాలి, అందులోని ప్రాణవాయువు కావాలి. మీ ఆయన గుండెకి రక్తం వెళ్ళే దారి సన్నబడింది. అది ఎక్కువ అడిగితే ఇచ్చే దారి లేదు. బరువులు తగ్గించండి" అన్నారు.

మా ఆయన మాట విన్నాడు. విన్నాడంటే ఏమిటి, కుండల్లో సగం నీళ్ళే పోసుకున్నాడు. కానీ ఎండెక్కేలోగా ఆరు వరసలూ తడపాలి గదా, అందుకని రెట్టింపు సార్లు తిరిగాడు, అదీ పరుగున! ఈసారి నొప్పి మొదటి వరసలోనే వచ్చింది.

మళ్ళీ పలాస. డాక్టరుగారు ఆయన నాడి పట్టుకొని ఉండగానే నేను అందుకున్నాను.

"సూడండి బాబూ, ఈ మడిసికి బుద్ధుందేటి? కుండ తగ్గించమంటే కాళ్ళకి పని పెంచాడు!"

"కాసేపు ఆగమ్మా. మీరు కేకలేస్తుంటే ఇక్కడ నాడి పరుగెత్తుతోంది" అన్నారాయన.

అప్పుడు విడమరిచి చెప్పారు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుంది, ఎంత ఒత్తిడికి ఎదురు తోస్తుంది, ఎంత గట్టిగా బిగుసుకుంటుంది, దాని ఆకలి వీటిని బట్టే ఉంటుందట. కుండ తగ్గించి పరుగెత్తితే ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో పెట్టినట్టే. కోపం వచ్చినా, భయం వేసినా, సిగ్గుతో చచ్చినా అంతే, మనిషి మంచం దిగకపోయినా సరే. మణికట్టు దగ్గర నాడి ఎలా చూడాలో నాకు నేర్పి పంపారు.

మర్నాటి నుంచి కావిడి నేనే ఎత్తుకున్నాను. మా వైపు ఆడవాళ్ళు నీళ్ళు నెత్తిమీద మోస్తారు, చంకన మోస్తారు. కావిడి మగవాడిది. నూతి దగ్గర ఒకావిడ "ఓలమ్మో, మగరాయుడు వత్తంది, సూడండే!" అని నవ్వింది. నవ్వుకోనీ. కానీ నెత్తిన ఒక్క కుండతో ఆరు వరసలు అయ్యేదెప్పుడు? మా ఆయన్ని తాటాకుల పందిరి కింద కూర్చోబెట్టి నేను మోశాను. భుజం కమిలిపోయింది. రాత్రికి చెయ్యి పైకి లేచేది కాదు.

నాలుగోనాడు చూస్తే, పందిరి కింద కదలకుండా కూర్చున్న మనిషి రొమ్ము పట్టుకొని ఉన్నాడు. పరుగెత్తుకెళ్ళి మణికట్టు పట్టుకున్నాను. కావిడి మోసివచ్చిన నా నాడికంటే ఆయనదే జోరుగా కొట్టుకుంటోంది.

"ఏటయింది మావా? ఏటి సేసినావు?"

"నానేటీ సెయ్యనేదు. ఊరంతా సూత్తంది. నా కావిడి నువ్వు మోత్తంటే నాకు ఊపిరాడతాదేటే?"

ఒళ్ళు మండిపోయింది. "నీ పరువు కోసం నాను ముండమొయ్యాలా?" అని అరిచేశాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నా నోటిని నేనే నొక్కుకొని పక్కన చతికిలబడ్డాను. ఇంక తిట్టే ఓపిక కూడా లేదు.

ఆయన మణికట్టు మళ్ళీ పట్టుకొని అన్నాను, "కావిడి ఒగ్గేత్తాను. నెత్తిమీద మోత్తాను. మూడు వరసలకి మించి నా వల్ల కాదు. మిగతాయి సచ్చిపోతాయి. ఏయి ఒగ్గీమంటావో నువ్వే సెప్పు."

ఆ మొక్కలన్నీ ఆయన గుంట తవ్వి, ఉప్పు వేసి, తన చేత్తో నాటినవి. గుంటనక్కలు తవ్వెయ్యకుండా చుట్టూ ముళ్ళకంప పాతిందీ ఆయనే. ఒక్కో వరసే చూసుకుంటూ పోయాడు. నేను నాడి వదల్లేదు.

"సముద్రం వైపు మూడూ ఒగ్గీయ్" అన్నాడు.

ఆ మాట అనేసి ఆయన వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. నా వేళ్ళ కింద నాడి మెల్లగా, మెల్లగా దిగింది. ఎదురుగా ఆ మూడు వరసల మొక్కలూ ఇంకా పచ్చగానే ఉన్నాయి. వాటికేసి చూస్తూ, ఈయన బతుకుతాడని వెక్కి వెక్కి ఏడ్చాను.