ఇరవై ఐదు తులాలు

గట్టు మండలంలోని ఆ ఊరి అంగన్‌వాడీకి నిరోష టీచరుగా వచ్చి మూడేళ్లయింది. డిగ్రీలో జీవశాస్త్రం చదివింది. గ్రాములో పదో వంతు తేడా వచ్చినా మళ్లీ తూచమనే ల్యాబు మేడంను ఆమె ఇంకా మరచిపోలేదు. ఇక్కడ నలభై రెండు మంది పిల్లలు, ఒక తూకం మిషను, వానొస్తే కురిసే పైకప్పు. భర్త మహేందర్ హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తాడు, నెలకోసారి వస్తాడు. రెండేళ్ల కొడుకు ఉదయ్ కిరణ్‌ను చంకనేసుకుని తనే సెంటరుకు వస్తుంది. వాడి బరువు తొమ్మిది కిలోల రెండు వందల గ్రాములు. ఉండాల్సిన దానికన్నా తక్కువ, అంటే ఫోనులో పసుపు రంగు. మరీ తక్కువైతే ఎరుపు. ప్రతి నెలా అందరి బరువులూ గబగబా ఎక్కించి, కొడుకు పేరు దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలు ఆగిపోతుంది.

వెనుకబడిన మండలాల కోసం సర్కారు పెట్టిన పథకంలో ఆ ఊరు ఉంది. మొదటి విడత డబ్బుతో మహిళా సంఘానికి పల్లీకాయలు ఒలిచే మిషను వచ్చింది. దాన్ని పెట్టడానికి షెడ్డు లేదు. ఏడాదిన్నరగా పంచాయతీ ఆఫీసు వెనక టార్పాలిన్ కప్పుకుని పడి ఉంది. షెడ్డు రెండో విడతలో ఉంది. రెండో విడత రావాలంటే ఊరు బాగుపడుతున్నట్టు అంకెల్లో కనబడాలి. ఆ అంకెల్లో ఒకటి, ఎరుపు రంగులో ఉన్న పిల్లల సంఖ్య. అది సున్నా కావాలి. అందరూ గట్టెక్కి ఒక్కడే మిగిలాడు, జమ్మన్న.

జమ్మన్న హన్మమ్మ మనవడు, ఉదయ్ కిరణ్ ఈడువాడే. వాళ్లకు మూడెకరాల మెట్ట ఉంది, బోరు ఎండిపోయింది. అందుకే కొడుకు శివశంకర్, కోడలు ఉమారాణి సంక్రాంతి దాటగానే సుగ్గికి పోతారు. రాయచూరు వైపు మిరపకాయలు తెంపి, ఎండలు ముదిరాక తిరిగొస్తారు. పిల్లవాడు ముసలమ్మ దగ్గరుంటాడు. ఊళ్లో మిషను నడిస్తే ఉమారాణికి అక్కడ పని ఖాయమని సంఘం తీర్మానం కూడా రాసుకుంది.

ఫిబ్రవరిలో జమ్మన్న ఎనిమిదిన్నర కిలోలు. మార్చి మొదటి తారీఖున ఎనిమిది కిలోల ఎనిమిది వందలు తూగాడు. ఎరుపు పోయి పసుపు వచ్చింది. సూపర్వైజర్ గీత ఆ సాయంత్రమే ఫోన్ చేసి మెచ్చుకుంది. నిరోషకు సంతోషంతో పాటు కొంచెం కుళ్లు కూడా కలిగింది. తన కొడుకు ఆ నెలలో వంద గ్రాములు కూడా పెరగలేదు.

"అవ్వా, ఏం పెడ్తున్నవు వానికి?" అని హన్మమ్మను అడిగింది.

"ఏముంటది తల్లీ, జొన్న గట్క, ఇంత మజ్జిగ."

ఆ రోజు నుంచి ఉదయ్ కిరణ్‌కు కూడా జొన్న గట్కే. వాడు సగం తిని సగం ఉమ్మేస్తున్నాడు.

సోమవారం మధ్యాహ్నం పిల్లలు నిద్రపోతుంటే జమ్మన్న లాగు తడుపుకున్నాడు. మార్చడానికి వేరేది లేక, నిరోష కొడుకు లాగు తీసి తొడగబోయింది. మడమల దాకా ఉన్న తడి లాగు విప్పగానే గజ్జెల చప్పుడైంది. నడుముకు వేలెడు మందాన వెండి మొలతాడు. కాళ్లకు కడియాలు, చొక్కా చేతులు పైకి జరిపితే అక్కడా మురుగులు. పోయిన నెల వాడి నడుముకు నల్లదారం తప్ప ఏమీ లేదు. తొడిగిన లాగు సన్నటి నడుము మీది నుంచి జారి, మొలతాడుకు తట్టుకుని ఆగింది.

తూకం రోజు నలభై రెండు మంది ఏడుపుల మధ్య ఆమె దాన్ని చూడలేదు. వాడి చొక్కా లాగు కూడా విప్పించలేదు.

సాయంత్రం హన్మమ్మ వచ్చింది.

"అవ్వా, ఈ వెండి ఎప్పుడు వేసిండ్రు?"

"శివరాత్రి పోయినంక. జరమొచ్చి పిల్లగాడు కండ్లు తేలేస్తే జములమ్మకు మొక్కిన. నా పెండ్లినాటి కాళ్ల కడియాలు కరిగించి చేపిచ్చిన. పుట్టెంటికలు తీసేదాకా ఇప్పద్దు."

"ఎంత తూగినయి?"

"ముప్పై తులాలుండె నావి. తరుగు అని కంసాలాయన ఐదు మింగిండు. ఇరవై ఐదు." ముసలమ్మ నవ్వింది. "ఎందుకు, నువ్వు గూడ నీ కొడుక్కు చేపిస్తవా? మీ చర్చి అయ్యగారు ఊకుంటడా?"

నిరోష నవ్వలేదు. తులం పదకొండున్నర గ్రాముల పైమాట. ఇరవై ఐదు తులాలంటే దాదాపు మూడు వందలు. జమ్మన్న ఈ నెలలో ఒక్క గ్రాము కూడా పెరగలేదు. పెరిగినదంతా వెండే.

ఆ మాట చెప్పేసరికి హన్మమ్మ మొహం మారింది. "రాసింది రాసినవు గద. గట్లనే ఉండనియ్. గురువారం ఆఫీసర్లొస్తున్నరంట. షెడ్డొస్తే నా కోడలు ఇంటికాడుంటది. తల్లి ఉంటే పిల్లగాడు వాడే పెరుగుతడు."

"అప్పటిదాకా, అవ్వా? ఎరుపుల ఉంటెనే గద్వాల దవాఖానల చేర్చుకుంటరు. పద్నాలుగు రోజులు పాలు, మందులు, అన్నీ వాళ్లే చూస్తరు. పసుపని రాస్తే ఎవరూ చూడరు."

"నీ కొడుకైతే రాస్తుంటివా?"

హన్మమ్మ మనవణ్ని ఎత్తుకుని గజ్జెల చప్పుడుతో వెళ్లిపోయింది.

నిరోష గీతకు ఫోన్ చేసి సంగతంతా చెప్పింది.

"నిరోషా, నీకిప్పుడే కనపడాల్నా అది? జిల్లాకు లిస్టు పోయింది. మూడు రోజులు ఆగరాదూ?"

"మేడం, మూడు రోజులైతే ఆగుత. కానీ వాడు నెల నుంచి పెరగలే. మల్లా జరమొస్తే?"

"నాకు తెల్వదా? నాకూ పిల్లలున్నరు." ఆమె గొంతు అలిసిపోయినట్టుంది. "నేను రాయమని చెప్పను, రాయొద్దని చెప్పను. నువ్వే చూసుకో." ఫోన్ పెట్టేసింది.

ఆయా దేవమ్మ తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "పోదాం పా టీచర్, పొద్దుగూకె." నిరోష కదల్లేదు. కొడుకును మిషను మీద నిలబెట్టింది. తొమ్మిదీ రెండు. వాడి ఒంటిమీద వెండి లేదు, ఉన్నదంతా వాడిదే. పది రోజుల గట్కకు ఒక్క గ్రాము రాలేదు. జమ్మన్నకు అయింది తన కొడుక్కే అయినట్టు ఆమె కూర్చుని లెక్కేసుకుంది. ఇదే పిల్లవాడు ఇంకో ఏడు వందలు తక్కువుంటే, ఎవరో ఒకరు షెడ్డు కోసం మూడు రోజులు ఆగితే, తను ఊరుకునేదా?

ఫోను తీసి జమ్మన్న పేరు దగ్గర ఎనిమిదిన్నర అని దిద్దింది. ఎరుపు వచ్చింది.

గురువారం బృందం వచ్చింది, టీ తాగింది, టార్పాలిన్ ఎత్తి మిషనును చూసింది, వెళ్లింది. రెండో విడత మళ్లీ ఆరు నెలల తర్వాత చూస్తామన్నారు. సంఘం ఆడవాళ్లు రెండు రోజులు నిరోషతో సరిగా మాట్లాడలేదు. సుగ్గిలో ఉన్న ఉమారాణికి ఎవరు ఫోన్ చేశారో గానీ, శుక్రవారం పొద్దున్నే మూటతో దిగింది. నిరోషను పలకరించకుండానే కొడుకును ఎత్తుకుని చూసింది. చాలాసేపు దించలేదు.

గద్వాల దవాఖానలో పిల్లల వార్డు నర్సు జమ్మన్నను తూకం మీద పెట్టబోతూ, "ఈ సామాన్లన్నీ తియ్యండమ్మా" అంది. ఉమారాణి అత్త వంక చూసింది. తోడు వచ్చిన నిరోష ఏదో చెప్పబోయింది.

హన్మమ్మ ముందుకొచ్చింది. "తియ్యనీకి లేదు బిడ్డా, మొక్కున్నది. ఇరవై ఐదు తులాలు తీసేసి రాస్కో."

నర్సు తలెత్తి చూసింది. ముసలమ్మ నిరోష వైపు తిరగకుండానే అంది: "అడుగు, మా టీచరమ్మను. లెక్క ఆమెకు తెల్సు."