తలుపు మూసిన బస్సు

ఆ బొమ్మల కార్ఖానాలో ఆవిడ అసలు పేరు ఎవరికీ పట్టదు. అందరికీ చక్రాలక్కే. పెళ్లి కాకముందు నుంచీ బొమ్మ కార్లకు చక్రాలు తొడిగిన చేతులవి. రేకు కార్లు పోయి సీసం కార్లొచ్చాయి. సీసం పిల్లలకు మంచిది కాదన్నాక జింకు కరిగించి పోసినవొచ్చాయి. ఎన్ని మారినా ఆవిడ కూర్చునే పీట మారలేదు. ఇన్ని బండ్లు సాగనంపిన తల్లి కొడుకు మాత్రం అగ్గిపెట్టెకు దారం కట్టి లాక్కుంటూ పెరిగాడు. లోకం న్యాయం అలాగే ఏడుస్తుంది.

ఆ జింకు పోసే అచ్చులను ఉక్కులో చెక్కే తాతకు చూపు మందగించినప్పుడు ఆవిడ వెంటపడింది.

"నాకు నేర్పు తాతా."

"ఉక్కుతో నీకెందుకే తంటా?"

"చక్రాలు తొడిగీ తొడిగీ నా బుర్ర కూడా గిర్రున తిరుగుతోంది. నేర్పు!"

తాత నవ్వి ఉలి చేతికిచ్చాడు. చేయి తిరిగాక, కొత్త బస్సు అచ్చు ఆవిడకే అప్పగిస్తూ యజమాని ముందే తేల్చేశాడు. "ఈ ఉక్కు దిమ్మ పాడుచేశావో, మళ్లీ చక్రాల దగ్గరికే. ఇంకోసారి అడగొద్దు."

మొదటి బస్సు అచ్చులోంచి వచ్చింది. యజమాని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమ్మా, డ్రైవరు వైపు తలుపు పెట్టావు! జనం నడిరోడ్డు మీద దిగాలా?"

అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి. కిటికీలన్నీ ఒళ్లు దగ్గర పెట్టుకుని తిప్పి చెక్కిన మనిషి, చివరికి తలుపు దగ్గరకొచ్చేసరికి సంబరంలో చెక్క నమూనాలో కనబడినట్టే చెక్కేసింది. ఆవిడ ముఖం మాడిపోయింది.

"రేపటి దాకా ఆగండి సార్."

"ఆగితే తలుపు దానంతటదే నడిచి అటు పోతుందా?" అంటూనే వెళ్లిపోయాడు.

తాత అచ్చును వేళ్లతో తడిమి నిట్టూర్చాడు. "ఉక్కును చెక్కి తీయగలం గానీ, తీసింది మళ్లీ పెట్టలేమే తల్లీ."

ఆవిడ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. తీయగలం కదా! నమూనాలోని తెరిచిన తలుపు బొమ్మ మీద పల్లంగా పడాలంటే, అచ్చులో దానికి గుబ్బ ఉండాలి. తప్పు వైపున్న గుబ్బను చెక్కి తీసేస్తే బస్సుకు అక్కడ గోడ వస్తుంది. సరైన వైపు కొత్తగా గుబ్బ పెట్టలేం, నిజమే. కానీ సన్నని గాడి తీస్తే బొమ్మ మీద గీత పొంగుతుంది. చుట్టూ గాడి తీస్తే మూసిన తలుపు చట్రం, పక్కనే చిన్న గుంట తీస్తే పిడి. పళ్లు బిగించి ఉలి అందుకుంది.

మర్నాడు రెండో బస్సు యజమాని చేతికొచ్చింది. ఈసారి ఇంకా ఎక్కువసేపు తిప్పాడు.

"మనం అనుకున్నది తెరిచిన తలుపు కదమ్మా?"

"తెరిచిన తలుపుతో బస్సు పోనిస్తారా సార్? జనం ఎక్కేశారు. బయల్దేరింది."

తాతకు నవ్వాగక దగ్గొచ్చింది. యజమాని తాత వైపు గుర్రుగా చూశాడు గానీ, తన మూతి కూడా వంకర తిరుగుతూనే ఉంది.

"నీ నోటికో దండం. రంగులకి పంపించు. లారీ నమూనా నా బల్ల మీదుంది, తీసుకెళ్లు. దాన్నైనా అద్దంలో చూసుకుంటూ చెక్కు."

ఆ చివరి మాట పూర్తయ్యేసరికే చక్రాలక్క లారీ పట్టుకుని గుమ్మం దాటింది.