తెల్లగీత వరకు

ఉదయం 6 గంటల 40 నిమిషాలు. మా ఊరి నుంచి నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్‌కు దూరం 31 కిలోమీటర్లు. కారు వెనుక సీటు తీసి వేసిన బస్తాలు ఆరు. మార్కెట్‌కు నాలుగు కిలోమీటర్ల ఇవతల 600 మీటర్ల దిగుడు ఉంది. ఆ దిగుడులో జరిగినదానికి మూలం, నలభై రోజుల ముందు నేను గీసిన ఒక గీత.

అది తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఐదో ఎండాకాలం. బాపు అంటే మా నాన్న. ఆయన పాత అంబాసిడర్‌లో బ్రేక్ ఫ్లూయిడ్ వారానికి మూడు మిల్లీమీటర్లు తగ్గుతోంది. వెనుక ఎడమ చక్రం లోపల చెమ్మ కనిపించింది. నిమ్మ సీజను అయ్యాక విప్పించవచ్చు అనుకున్నాను. కారు పుస్తకంలో చెప్పిన రకమే చూసి, సీలున్న డబ్బా కొని, నింపి, ఆ మట్టం దగ్గర తెల్లరంగుతో గీత గీశాను.

"బాపూ, ఏం జేసినా గీ గీత కిందికి పోనియ్యకు. పోతే బ్రేకులు పడయి."

"సరే సారూ," అని నవ్వాడు బాపు. "నువ్వు పుట్టకముందుకెల్లి స్టీరింగ్ పట్టినరా నేను."

విప్పిన డబ్బాలోని ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చి పాడవుతుంది. అందుకని మిగిలినది పారబోసి హైదరాబాదు వెళ్లిపోయాను. తగ్గితే ఏది పోయాలో చెప్పలేదు.

నలభై రోజులకు మళ్లీ ఊరికొచ్చి, మార్కెట్‌కు బయలుదేరిన ఆ ఉదయం ఆయన పక్కన కూర్చున్నాను. ఇరవయ్యో కిలోమీటరు దాటాక కాలిన వాసన మొదలైంది.

"బండి బరువుగ పోతాంది, బాపూ."

"నాలుగు రోజులాయె. బ్రేకు పడ్తాంది గని ఇడుస్తలేదు."

"ఏం పోసినవ్ అండ్ల?"

"ట్రాక్టర్ల పోసేదే. పదేండ్ల సంది దాని గేర్లకు అదే, బ్రేకులకు అదే. ఎన్నడన్న తప్పిందా? నీ గీత మీదనే ఉన్నది, సూస్కో."

ఆ నూనె తగిలితే ఈ కారు రబ్బరు వాషర్లు ఉబ్బుతాయి. ఉబ్బితే బ్రేకు వదలదు. వదలకపోతే చక్రం కాగుతుంది. చివరికి గొట్టంలోని ద్రవం మరిగి ఆవిరవుతుంది, ఆవిరి మీద బ్రేకు పడదు. ఇదంతా నాకు తెలుసు. "ఆపు" అనేసరికే దిగుడులో ఉన్నాం.

బాపు కాలు నేలదాకా పోయింది. ముందు గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. కాపరి తువ్వాల ఊపుతున్నాడు.

"హ్యాండ్ బ్రేకు గుంజురా!"

గుంజాను. కాగిన చక్రాలు ఆగలేదు. బాపు స్టీరింగును కుడికి తిప్పి, మంద అంచును తగులుతూ, పొలం గట్టు వెంట పాతిన రాతి కడీల మీదికి కారు ఎక్కించాడు.

దుమ్ము తగ్గాక, కుడిచెయ్యి ఒడిలో పెట్టుకుని ఆయన అడిగాడు: "గీత తప్పలేదు గదరా?"

తప్పలేదు. బానెట్ లేపి చూశాను. నూనె సరిగ్గా గీత మీదే ఉంది.

పోయినవి: మాస్టర్ సిలిండరు, నాలుగు చక్రాల సిలిండర్లు, రబ్బరు గొట్టాలన్నీ. రాతి కడీలు రెండు. నిమ్మకాయలు ఆరు బస్తాలు. గొర్రెలు రెండు, అందులో ఒకటి చూలుది. దవాఖానలో తొమ్మిది రోజులు. బాపు కుడి మణికట్టు అతికింది, వంగదు. ఆయన మళ్లీ స్టీరింగ్ పట్టలేదు.