సుచ్యోంగ్ ఎందుకేడ్చింది

చైనాలోని చెంగ్డూలో గాన్ సుచ్యోంగ్ ఊరగాయ జాడీకి ఆమె కాపురమంత వయసు. అత్తగారిచ్చిన ఉప్పునీళ్ళే ఇప్పటికీ అందులో పులుస్తున్నాయి. ముల్లంగి ముక్కలు వేస్తే మర్నాటికి కరకరలాడుతూ పుల్లబడతాయి. జాడీ మెడ చుట్టూ ఒక గాడి, దాన్నిండా నీళ్ళు. ఆ నీళ్ళు ఆరిపోతే లోపలికి గాలి దూరి అంతా కుళ్ళిపోతుంది.

ఆ ఏడు ఎండలు ఇంకా తగ్గకముందే, పక్క వాటాలో ఎవరికో కరోనా తేలిందని సుచ్యోంగ్‌ని ఉన్నపళాన ఒక హోటల్‌కి తరలించారు. ఇంటి తలుపుకి కాగితం అంటించి ముద్ర వేశారు. హోటల్లో తెల్ల దుస్తులవాళ్ళు పూటపూటకీ అన్నం డబ్బా గుమ్మంలో పెట్టి, దెయ్యాన్ని చూసినట్టు పారిపోయేవారు. ఆ కూర వండినవాడికి నాలుక లేదని ఆమె మొదటిరోజే తేల్చేసింది.

జాడీ మీద బెంగతో మాత్రం కంటిమీద కునుకు లేదు. మెట్ల దగ్గర కాపలా కాస్తున్న కింది వాటా పెంగ్‌కి ఫోన్ చేసింది.

"పెంగన్నా, తాళంచెవి నీ దగ్గరే ఉందిగా. ఒక్క చెంబెడు నీళ్ళు పొయ్యి, చాలు."

"ముద్ర తీస్తే నన్నూ పట్టుకుపోతారమ్మా. పై అధికార్లని అడిగాను. జాడీకి జ్వరమొచ్చిందా అని నవ్వారు."

"వాళ్ళ తలకాయలు ఊరేసినా పనికిరావు" అని ఫోన్ పెట్టేసి ఏడ్చింది.

అప్పుడే వాంకూవర్ నుంచి చెల్లెలు సుజెన్ వీడియోలో వచ్చింది. అక్క కళ్ళు చూడగానే తనూ ఏడుపు అందుకుంది. కొడుతున్నారా, తిండి పెట్టడం లేదా, పక్కనెవరైనా ఉన్నారా అని గుసగుసలు. సుచ్యోంగ్ జాడీ మాట ఎత్తితే, పాపం భయపడి మాట మారుస్తోందనుకుంది.

"చెప్పలేకపోతే రెండుసార్లు కళ్ళార్పు అక్కా."

"నీ మొహం. జాడీ ఆరిపోతోందే అంటుంటే కళ్ళార్పడమేంటి?"

సుజెన్ ఆ కన్నీళ్ళని నెట్‌లో పెట్టి నలుగురికీ చూపించింది. ఊరూపేరూ తెలియని జనం జాలిపడ్డారు, శాపనార్థాలు పెట్టారు. ఇంకొందరు అదంతా నటన, అక్కడ అందరూ హాయిగా ఉన్నారని కొట్టిపారేశారు. ఆమె ఎందుకేడ్చిందో అడగాలని ఒక్కరికీ తోచలేదు.

ఇంటికి వదిలిన రోజున మూత తియ్యగానే మురుగుకంపు కొట్టింది. పైన తెల్లగా బూజు. సారా పోసి చూసింది, అల్లం వేసి చూసింది. చివరికి అత్తగారి నీళ్ళన్నీ తూములో పారబోసింది.

సాయంత్రం పెంగ్ తలొంచుకుని గిన్నెతో వచ్చాడు. భార్య జాడీలోంచి తీసిన ఉప్పునీళ్ళు. సుచ్యోంగ్ లోపలికి రమ్మనలేదు. చెంచాడు అరచేతిలో పోసుకుని నాలుకకి రాసుకుంది.

"ఉప్పెక్కువ. మిరియాలు వెయ్యడానికి మనసు రాలేదు మీ ఆవిడకి."

"అయితే ఇటివ్వు, తీసుకెళ్తా."

"ఊరుకో. గిన్నె రేపొచ్చి పట్టుకెళ్ళు."

కడిగి ఆరబెట్టిన జాడీలో ఆ నీళ్ళు పోసి, ముల్లంగి తరగడానికి కూర్చుంది. వాంకూవర్ ఫోన్ మోగి మోగి ఊరుకుంది.