రాట్నం తిప్పి లెక్కపెట్టిన ఊపిరి

నేను అక్షరాలు దిద్దింది యాభై ఎనిమిదో ఏట, మనవరాలి పలక మీద. అంతకుముందు ఏదైనా రాయించుకోవాలంటే ఇంకొకరికి చెప్పి రాయించుకోవాలి. ఉత్తరమైతే చెప్పొచ్చు. ఈ సంగతి చెప్పేది కాదు. ఆ రోజుల్లో ఆ జబ్బు పేరు ఊళ్లో పొక్కితే ఆ ఇంటి చేతి నీళ్లు ఎవరూ తాగేవాళ్లు కాదు. రాసిపెట్టేవాళ్లు మంచివాళ్లే అయినా వాళ్లకూ ఒక ఇల్లుంటుంది, ఆ ఇంట్లో నలుగురుంటారు. అందుకని నా చేత్తో నేనే రాసుకోగలిగేదాకా కడుపులోనే పెట్టుకున్నాను.

మా ఆయన చెడుగుడు ఆటగాడు. పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తలో ధర్మవరంలో ఆయన పేరు తెలియని ఇల్లు లేదు. మా పట్టుమగ్గాల సావుకారికి ఆ ఆటంటే పిచ్చి. తన మగ్గాల వాళ్లతోనే ఒక జట్టు కట్టి పెనుకొండ జట్టు మీద, హిందూపురం జట్టు మీద ఆడించేవాడు. మా ఆయన నేత మామూలు నేతే. అంతకన్నా బాగా నేసేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. ఆటాడతాడని ఆయనకు మగ్గం ఇచ్చారు, మగ్గాన్ని ఆనుకుని ఉండడానికి ఒక గది ఇచ్చారు. ఆట పోతే ఆ రెండూ పోతాయని మా ఇద్దరికీ తెలుసు. ఏనాడూ పైకి అనుకోలేదు.

సావుకారి ఇంటి పడసాలలో మేం ఐదుగురు ఆడవాళ్లం రాట్నాల మీద నేతకు పట్టుదారం కండెలు చుట్టేవాళ్లం. పనికి చేతులు చాలు, నోళ్లకు పనుండదు కదా. అందుకని మాకొక ఆట ఉండేది. శనక్కాయ పంట ఇంటికొచ్చాక మూడు ఊళ్ల మధ్య చెడుగుడు మొదలయ్యేది. అప్పుడు ప్రతి ఆటకు ముందూ ఆ మూడు జట్లలోంచి ఒక్కొక్కరం వంతులవారీగా నలుగురేసి ఆటగాళ్లను కోరుకునేవాళ్లం. ఒకరు కోరుకున్నవాడు ఇంకొకరికి ఉండడు. ఆట ముగిశాక రైలు దిగిన మగవాళ్లు ఎవడు ఎంతమందిని కొట్టాడో చెప్పేవాళ్లు. కొట్టిన ఒక్కో మనిషికి ఒక్కో చింతగింజ ఆ ఆడమనిషి చిప్పలో పడేది. గింజలు తక్కువొచ్చినామె ఒకరోజు అందరి చిక్కుపడ్డ దారాలూ విడదీయాలి.

ఎక్కువసార్లు నా చిప్పే నిండేది. ధర్మవరంలో ఆట జరిగితే మిద్దె మీంచి చూసేదాన్ని. అందరూ ఆటగాడి భుజాలు చూస్తారు, నేను మడమలు చూసేదాన్ని. మడమ నేలకానించి నిలబడేవాడు వెనక్కి తిరగడంలో ఆలస్యం చేస్తాడు. ఎంత మంచివాడైనా నాయకుడు కూతకు పంపకపోతే గింజలు రాలవు కనుక, ఎవణ్ణి ఎక్కువసార్లు పంపుతున్నారో చూసేదాన్ని. అవతల ఎవరున్నారన్నదీ చూడాలి. పెనుకొండవాళ్లు నడుము పట్టేవాళ్లు, వాళ్ల మీద సన్నటివాడు జారిపోతాడు. హిందూపురంవాళ్లు చీలమండ దొరకబుచ్చుకుని పడేసి, నలుగురైదుగురు ఎద మీద కూర్చుంటారు. వాళ్ల దగ్గర బలం కాదు, ఊపిరి కావాలి.

మా ఆటలో ఇంకొక వాడుక ఉండేది. మనకు కావలసినవాణ్ణి ఇంకొకరు కోరుకోకుండా ముందుగానే తిట్టిపోయాలి.

"ఆ పెనుకొండ పొడుగోడు నాకొద్దమ్మా. వాని కాళ్లు సూస్తివా, జొన్నదంట్లు!" అని ఒకామె అంటే, ఆమె కన్ను వాడిమీదే ఉందని మిగతా నలుగురికీ తెలిసిపోయేది.

నా అంచనా సంగతి సావుకారి భార్య నోట సావుకారికి చేరింది. మొదట నవ్వాడట. రెండుసార్లు నేనన్నట్టే జరిగేసరికి, ఆటకు ముందు పడసాలకు వచ్చి నన్ను అడగడం మొదలుపెట్టాడు.

మా ఆయన పొద్దున్నే గది ముందు కూత సాధన చేసేవాడు. నేను పక్కన రాట్నం తిప్పేదాన్ని. ఒక్క ఊపిరిలో ఆయన కూత తెగేలోపు రాట్నం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి చెప్పడం మా పెళ్లైన కొత్తలో సరదా. అప్పుడు అరవై చుట్లు. నేను చెప్పే ఆ ఏడాది వానలప్పుడు నలభై ఐదు. చలి మొదలయ్యాక నలభై. నా చెయ్యి వేగం తగ్గిందేమోనని మళ్లీ తిప్పాను. చెయ్యి సరిగానే ఉంది. ఒక రోజు ఇరవై ఎనిమిది వచ్చింది. "ఎంత?" అని అడిగితే "యాభై" అన్నాను. ఆయన నా ముఖం చూసి తలదించుకున్నాడు. ఇంక అడగలేదు.

ఆ తర్వాత దగ్గు మొదలైంది. ఆయన తువాలు ఆయనే ఉతుక్కోవడం చూశాను. ఎన్నడూ చెంబు కడిగిన మనిషి కాదు. ఒకరోజు ఆరేసిన తువాలు అంచున లేత ఎరుపు మరక కనిపించింది. పట్టుకు రంగులద్దే ఊరు, రంగే అయ్యుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ పూట నుంచి ఆయన దగ్గినప్పుడల్లా నా వేళ్ల మధ్య దారం తెగేది.

హిందూపురంలో ఆట రేపనగా సావుకారి పడసాలకొచ్చి గడప మీద కూర్చున్నాడు.

"ఏమ్మా, రేపు నీ మొగున్ని ఎన్నిసార్లు కూతకు పంపల్ల? నీ అంచనా ఏంది?"

"ఈసారి ఆయప్పను తీసుకోవద్దండి సామీ. ఊపిరి నిలవలే."

రాట్నాలు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మాలో పెద్దామె పకపకా నవ్వింది.

"సూడు సామీ, దీని నాటకం సూడు! మాకెవురికీ దక్కకుండా మొగున్నే చెడగొడతాండాది!"

"ఊపిరి లేదంట! పొద్దన్నే ఆ యన్న కూతకు మా కోళ్లు లేస్తాండాయి" అంది ఇంకొకామె.

సావుకారి తొడ చరుచుకున్నాడు. "ఇది ఇంత చెడ్డగా చెప్పిందంటే రేపు పదిమందిని కొడతాడు. మొదటి కూత వానిదే, కడా కూత వానిదే."

"నిజంగానే చెప్తాండా సామీ."

"నిజంగానే అనిందంటే ఇంకా గట్టిగా ఉండాడన్నమాట!"

అందరూ నవ్వారు. ఆ వంతులో పెద్దామె అందరికన్నా ముందు మా ఆయన్నే కోరుకుంది.

ఇంకొక్క మాటంటే వాళ్ల నవ్వు ఆగిపోయేది. తువాలు మీద మరక ఉందంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే మగ్గం, గది, రేపు ఈ పడసాలలో నేను కూర్చునే చోటు, అన్నీ పోతాయి. మింగేశాను. నా రాట్నం ఆగిపోవడం చూసి పెద్దామె, "ఏమే, ఓడిపోతానని భయమా?" అంది.

సాయంత్రం సంగటి పెడుతూ ఆయనతో అన్నాను. "మామా, పెనుకొండలో ఎద జబ్బులు సూసే డాక్టరుండాడు. రేపు పోయే దావలోనే కదా, ఆడ దిగుదాం."

"సూపిచ్చుకుంటే పేరు పెడతాడు. పేరు పెట్టినాక ఊరికంతా తెలుస్తాది."

"హిందూపురమోళ్లు ఎద మీద పడతారు."

"పడనిస్తే కదా. ఒక్క ఆట. గెలిస్తే రెండో మగ్గం ఇస్తానన్నాడు సావుకారి. అది ఆడేసి సూపిచ్చుకుంటా." నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. తువాలు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయాడు. చాలాసేపటికి గాని లోపలికి రాలేదు. సంగటి అట్లే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే రెండేళ్ల కూతుర్ని చంకనేసుకుని ఆయన వెనకే స్టేషనుకు పోయాను. పెళ్లికీ కాన్పుకూ తప్ప రైలెక్కింది లేదు. "మా అమ్మకు బాగలేదు సామీ, పెనుకొండదాకా మీతో వస్తా" అని సావుకారితో అబద్ధం చెప్పాను. మా పుట్టిల్లు పెనుకొండే కనుక నమ్మాడు. "హిందూపురం దాకా రా తల్లీ, నీ మొగుని ఆట సూద్దువు" అన్నాడు. జట్టంతా పాటలు పాడుతూ కూర్చుంది. ఆయన కిటికీ దగ్గర తువాలు చేతిలో నలుపుతూ ఉన్నాడు. పాట అందుకోలేదు.

పెనుకొండ కొండ కనబడగానే బిడ్డనెత్తుకుని నా బట్టల మూట ముందుకు జరుపుకున్నాను. బండి ఆగింది. మూట దింపమని ఆయనతో అన్నాను. దింపడానికి ప్లాట్‌ఫారం మీదికి వచ్చాడు. బిడ్డను ఆయన చేతుల్లో పెట్టి, ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"ఇడువు. బండి పోతాది."

"పోనీ."

"అందరూ సూస్తాండారు."

"సూడనీ."

జనంలో నన్ను కొడతాడనుకున్నాను. బిడ్డను నాకిచ్చి ఎక్కేస్తాడనుకున్నాను. గార్డు ఈల వేశాడు. సావుకారి కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎక్కప్పా, ఎక్కు!" అని అరిచాడు. చెయ్యి లాగితే నేను ఆపగలిగేదాన్ని కాదు. ఆయన లాగలేదు. బండి కదిలాక సావుకారి ఇంకేదో అరిచాడు. మగ్గం అన్న మాట ఒక్కటే నాకు వినిపించింది.

డాక్టరు ఇంటిదాకా నడిచాం. తలుపు ఇంకా తీయలేదు. మెట్టు మీద కూర్చున్నాం. బిడ్డ ఆయన ఒళ్లో నిద్రపోయింది. కాసేపటికి ఒకాయన తలుపు తీసి, ఎవరికి బాగలేదని అడిగాడు. మా ఆయన నేల చూస్తూ ఉన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"మా ఆయనకు. దగ్గితే రక్తం పడతాండాది" అన్నాను.