తిమ్మిరి చెయ్యి

బట్టలు కుట్టే ఆ ఇంటి పెద్దకోడలికి గుడ్డను వేళ్ల మధ్య నలిపితే చాలు, రకం తెలిసిపోయేది. అలాంటి మనిషి, ఎప్పుడూ వచ్చే ఒకావిడ "ఈ గౌను మాత్రం మీ తోటికోడలి చేత కుట్టించండి" అని వెళ్లగానే ఒళ్లు తెలియని కోపంతో బీరువా అద్దాన్ని అరచేత్తో చరిచింది. అద్దం పగిలి మణికట్టు తెగింది. తోటికోడలే పరుగున వచ్చి, కొత్త గుడ్డతో కట్టు కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"నరం కొంతమేర పాడైందమ్మా. కొసలు రెండూ లాగి కుడితే అందలేదు. మధ్యలో సన్న గొట్టం పెట్టాం" అంది డాక్టరమ్మ. "నరం అందులోంచి తీగలా పాకుతుంది. గొట్టం మెల్లగా ఒంట్లోనే కరిగిపోతుంది. కానీ రోజుకు అర ఆవగింజంతే పాకుతుంది, ఓపిక పట్టాలి."

ఓపికకేం, పట్టేదే. సిగ్గే చంపేసింది. జడ వేసేది తోటికోడలు, గుండీలు పెట్టేది తోటికోడలు. ఒక్క మాట దెప్పినా బాగుండేది. "తల ఇటు తిప్పక్కా" అనేది, అంతే.

అందుకే కొన్నాళ్లకు ఆసుపత్రిలో స్పర్శ వచ్చిందా అని పరీక్షించినప్పుడు అబద్ధమాడింది. డాక్టరమ్మ కళ్లు మూసుకోమని సన్నటి పోగుతో వేలికొనలు తాకుతుంటే, రెప్పల సందులోంచి చూస్తూ "తెలుస్తోంది, చూపుడు వేలు" అంటూ వచ్చింది.

ఇంటికొచ్చి "ఇక నా పని నేనే చేసుకుంటాలే" అంది. మంచి చేత్తో ఇస్త్రీ పెట్టె పట్టి, తిమ్మిరి చేత్తో గుడ్డ సర్దుతోంది. మిషను దగ్గరున్న తోటికోడలు ముక్కు ఎగబీల్చింది.

"అక్కా, ఏదో మాడుతోంది."

"గుడ్డేమోలే."

"గుడ్డ కాదక్కా, నీ వేళ్లు!"

పెట్టె అంచు వేళ్లకు ఆనుకుని ఉంది. ఆమెకు నొప్పే లేదు.

ఆ చేతిని చల్లటి నీళ్లలో పట్టుకుని కూర్చున్న తోటికోడలికి ఏడుపొచ్చింది. "నా చేత జడ వేయించుకోవడం అంత నామోషీనా అక్కా?"

పెద్దకోడలికి నేల చీలిపోతే బాగుండుననిపించింది. "నీ వల్ల కాదే. కళ్లకుట్టు నాది. నువ్వు చేసిపెడుతున్న కొద్దీ అదే నాకు కనబడుతోంది" అంది.

మర్నాడు ఇద్దరూ వెళ్లి నిజం చెప్పారు. డాక్టరమ్మ చీవాట్లు పెట్టి, మళ్లీ మొదటి నుంచీ పరీక్షించింది.

ఏడాది దాటాక వేళ్లలో చీమలు పాకినట్టు మొదలై, కొంత స్పర్శ వచ్చింది. కత్తెర పట్టగలిగింది. ఇప్పుడు కత్తిరింపు పెద్దకోడలిది, కుట్టు చిన్నకోడలిది. ఎవరైనా వేళ్ల మీది మచ్చలు చూసి ఏమైందని అడిగితే మాత్రం, పెద్దకోడలు తల వంచుకుని గుడ్డ మీద సుద్దగీతలు గీస్తూ ఉండిపోతుంది.