అవతలి కట్ట మీది తువ్వాలు

మా బాబాయ్ పోయారు. నాలుగు ఆదివారాలైంది. తిరువూరు చుట్టుపక్కల పొలంలో మోటారు ఉన్నవాళ్లలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆయన్ని మోటార్ల మెకానిక్‌గానే ఎరిగి, మిగతా సగం మనిషిని ఎరగనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

బాబాయ్ అంటే నాకు చుట్టం కాదు. మాది రెడ్డిగూడెం దగ్గర మామిడి తోటలున్న ఊరు. వాళ్లది తిరువూరులో మూడు తరాలుగా మెకానిక్ పని చేసుకుంటున్న ముస్లిం కుటుంబం. మమ్మల్ని కలిపింది కొంగలు. పక్షుల్ని కాపాడే చిన్న సంస్థ ఒకటి తిరువూరులోనే ఉంది. ఎరువుల కొట్టు మీద రెండు గదులు, ఒక పాత జీపు, ఒక కంప్యూటరు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మా సార్, కాగితాలూ కంప్యూటరూ చూసుకునే నేను, జీపు తోలుతూ నాతోపాటు పక్షుల్ని లెక్కపెట్టే బాబాయ్. సంస్థ అంటే ఇంతే. ముగ్గురిలో పక్షుల గురించి పుస్తకాలు చదవనిది ఆయనొక్కరే. ఏ పక్షి ఎక్కడుందో ఎప్పుడూ తెలిసిందీ ఆయనొక్కరికే.

వానాకాలం మొదలు చలికాలం దాకా, ప్రతి ఆదివారం పొద్దున్నే మేమిద్దరం గంపలగూడెం వైపు ఒక చెరువుకి వెళ్లేవాళ్లం. ఆ ఊరి పేరు రాయను. రాస్తే బాబాయ్‌కి నచ్చదు. "పేరు రాస్తే ఫోన్లు పట్టుకుని బండ్లేసుకుని వస్తారమ్మాయ్, గూళ్ల కింద బిర్యానీలు తింటారు" అనేవారు. ఆ చెరువులో నల్ల తుమ్మ చెట్లున్నాయి. వాటి మీద గుల్ల కొంగలు గూళ్లు పెడతాయి. మూసినా మధ్యలో సందు మిగిలే ముక్కుతో పొలాల్లో నత్తగుల్లల్ని ఏరుకు తినేవి ఇవే. వాటిని ఊళ్లో అందరూ సైబీరియా కొంగలంటారు. అవి ఇక్కడి పక్షులేనని సార్ ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పినా అంతే. బాబాయ్ మాత్రం నవ్వి, "సైబీరియా ఎటుందో వాటిక్కూడా తెలీదు సార్, వదిలెయ్యండి" అనేవారు.

ఆ చెరువు కట్ట కొడవలిలా ఒంపు తిరిగి ఉంటుంది. ఈ కొసన నేను, ఆ కొసన ఆయన. మా పద్ధతిలో ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టాలి, అయ్యేదాకా ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, ఫోను అసలే చెయ్యకూడదు. లెక్క అయినవాళ్లు తువ్వాలు పైకెత్తి ఊపాలి. రెండు తువ్వాళ్లూ లేచాక జీపు దగ్గర కలిసి, ఎవరి లెక్క వాళ్లు చెప్పి, కాగితంలో పక్కపక్కనే రాసుకోవాలి.

ఆ ఆదివారం నా తువ్వాలు ఊపాను. అవతల లేవలేదు. ఆయన ఎప్పుడూ నిదానమే కాబట్టి కూర్చున్నాను. కొంగలు మేతకి లేచి వెళ్లిపోయాయి. ఎండ ముదిరింది. ఇంకా లేవలేదు. నాకు ఆకలి, పైగా కోపం. మధ్యలో ఎవరో రైతు దొరికుంటాడు, వాడి మోటారు సంగతి మాట్లాడుతూ నన్ను మర్చిపోయి ఉంటారు అనుకున్నాను. తిట్టుకున్నాను కూడా. ఆ మాట దాచలేను. తిట్టుకుంటూ కట్టమ్మట నడిచి వెళ్లేసరికి, ఆయన అలుగు పక్కన రాతికి వీపు ఆనించి కూర్చుని ఉన్నారు. తువ్వాలు ఒళ్లోనే ఉంది. దగ్గర పొలంలో ఉన్న రైతు పరిగెత్తుకొచ్చి జీపు తోలాడు. ఆసుపత్రిలో గుండె అన్నారు. మేం వెళ్లేటప్పటికే అయిపోయిందన్నారు.

నేను తిట్టుకుంటూ కూర్చున్న ఆ కాసేపట్లో ఆయన పోయారు.

ఆయన లెక్కపెట్టే తీరు గురించి చెప్పాలి. ప్యాంటు కుడిజేబులో చింతపిక్కలు పోసుకొని వచ్చేవారు. పది కొంగలు చూశాక ఒక పిక్క కుడిజేబులోంచి ఎడమజేబులోకి మారేది. కళ్లు చెట్ల మీదే ఉండేవి, చెయ్యి మాత్రం కదిలేది. లెక్క పూర్తయ్యాక ఎడమజేబులో పిక్కల్ని తీసి జేబురుమాల్లో ముడి వేసుకునేవారు. ఆ తర్వాతే తువ్వాలు. ముడి పడిందంటే లెక్క అయిపోయినట్టే. ఒకసారి ముడి వేశాక గుంపొకటి వచ్చి వాలినా విప్పేవారు కాదు. "అవి లేటుగా వచ్చాయి, వచ్చే వారం రమ్మను" అనేవారు.

ఇది కొంగల కోసం పుట్టిన పద్ధతి కాదు. కాలిపోయిన మోటార్లకి రాగితీగ మళ్లీ చుట్టడం ఆయన పని. ఎన్ని చుట్లు చుట్టామో మర్చిపోకుండా, పదుల లెక్కన పిక్కలు పక్కకి పెట్టుకోవడం వాళ్ల నాన్న నేర్పారట. బస్టాండు దగ్గర ఆయన కొట్లో, వార్నిష్ వాసన మధ్య, సత్తు గిన్నెలో ఎప్పుడూ ఆ పిక్కలుండేవి. నాకు ఉద్యోగం కొత్తలో, పెన్నూ కాగితం ఉండగా ఇదేం మొండితనం బాబాయ్ అని ఎగతాళి చేశాను. ఆయన తీగ చుడుతూనే, తల ఎత్తకుండా అన్నారు: "చుట్టు తప్పితే మోటారే కాలిపోయి చెప్పేసుద్దమ్మాయ్. కొంగలు చెప్పవుగా. మనమే జాగ్రత్తగా ఉండాలి."

దారిలో ఆయనతో ప్రయాణం ఒక పరీక్ష. ఎక్కడో పొలంలో మోటారు మోత వినపడితే చాలు, జీపు ఆగిపోయేది. "ఆ బేరింగు పోతంది, ఆయనకి తెలీదు పాపం" అని దిగి, గట్టమ్మట వెళ్లి చెప్పి వచ్చేవారు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో రెండు దోసకాయలో, నాలుగు మామిడికాయలో ఉండేవి. ఆ రైతునే తర్వాత వారం, "అన్నా, నీ గట్టు మీద తీతువు గుడ్లు పెట్టింది, పదిరోజులు అటు మడక తిప్పకు" అని అడిగేవారు. మోటారు సంగతి చెప్పిన మనిషికి కాదనడం ఎలా? మా సార్ ఏళ్ల తరబడి కరపత్రాలు పంచి సాధించలేనిది ఈయన బేరింగులతో సాధించారు. సారే ఆ మాట అనేవారు.

షుగరు వచ్చాక టీలో పంచదార మానేశారు. అంటే ఇంట్లో మానేశారు. మా దగ్గర, "అర చెంచా వెయ్యమ్మాయ్, మీ పిన్నికి చెప్పమాక" అని రెండు వేయించుకునేవారు. అది కూడా ఇప్పుడు నా మెడకే చుట్టుకుంది. నిద్ర పట్టనప్పుడు ఆ చెంచాలు గుర్తొస్తాయి.

ఇక చెప్పాల్సిన అసలు సంగతి. ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు.

ఎనిమిదేళ్ల కింద, నేను చేరిన మొదటి వానాకాలం. ఒక ఆదివారం బాబాయ్ ఖమ్మంలో బంధువుల పెళ్లికి వెళ్లారు. నేనొక్కదాన్నే చెరువుకి వెళ్లాను. అలుగు పొంగి పారుతోంది, ఆ కొసకి దారి లేదు. నా కొస నుంచి చూస్తే కట్ట మీద ఎత్తిన తువ్వాలు కనిపిస్తుంది గానీ, నడుమ ఉన్న పెద్ద తుమ్మల గుబురు అడ్డం, అలుగు మూల చెట్లు అసలు కనపడవు. కనిపించినంతవరకు లెక్కపెట్టాను. కాగితంలో అలుగు మూల అన్న గడి మిగిలింది. ఖాళీగా వదిలితే పని ఎగ్గొట్టానంటారేమోనని భయం. కొంగలు నాకు కనపడలేదు కదా అని అందులో సున్నా పెట్టాను.

ప్రతి నెలా చివరి ఆదివారం రాసిన మా కాగితం నకలు ఆ ఊరి పెద్దలకి వెళ్తుంది. అలుగు దగ్గరి తుమ్మలు కొట్టించాలని వాళ్లు ఎప్పటి నుంచో చూస్తున్నారు. పక్షులున్నాయని మేం ఆపుతూ వచ్చాం. ఆ నెల మా కాగితమే లేవని చెప్పింది. రెండు రోజుల్లో చెట్లు కొట్టేశారు.

వార్త తెలిసి ఆయనా నేనూ వెళ్లేసరికి, నరికిన కొమ్మల మధ్య గూళ్లు బురదలో పడి ఉన్నాయి. పిల్లలున్న గూళ్లు. ఇంతకంటే వివరంగా రాయలేను. ఒక పెద్దాయన మా కాగితం చూపించి, "లేవని మీరే రాశారుగా, ఎవరు రాసిందిది?" అని అడిగాడు. బాబాయ్ ముందుకొచ్చి, "మేం రాశామండి. తప్పు మాదే" అన్నారు. ఆయన ఆ రోజు ఖమ్మంలో ఉన్నారు. ఆ మాట చెప్పనే లేదు.

జీపులో దారంతా ఏడ్చాను. తిరువూరు దగ్గరికొస్తుండగా అన్నారు: "చూళ్లేదు అన్నది వేరమ్మాయ్, లేవు అన్నది వేరు. చూళ్లేనప్పుడు గడి ఖాళీగా వదిలెయ్. ఖాళీ గడికి సిగ్గేం లేదు." అంతే. మళ్లీ జన్మలో ఆ ఊసెత్తలేదు.

అంతకుముందు మేం వారం వారం కొసలు మార్చుకునేవాళ్లం. ఆ తర్వాతి ఆదివారం ఆయన జీపు దిగుతూనే, "ఆ కొస నేను చూస్తాలే" అని అలుగు వైపు నడిచారు. ఆ తర్వాత వారమూ అంతే. ఎనిమిదేళ్లూ అంతే. దూరం నడవడం షుగరుకి మంచిదనేవారు. నేను నమ్మాను, లేదా నమ్మినట్టు ఉండిపోయాను. ఆ నరికిన తుమ్మల మొద్దులు నా కంట పడకుండా ఆయన అడ్డం నిలబడ్డారని నాకు తెలియదని ఎలా అనగలను? ప్రతి వారం కాగితంలో అలుగు మూల గడిలో ఆయన సున్నా చెప్పేవారు, నేను రాసేదాన్ని. అది చూసి చెప్పిన సున్నా. చెప్పేటప్పుడు మాత్రం నా మొహం వంక చూసేవారు కాదు.

పోయినవారం పిన్నిని చూడడానికి వెళ్లాను. ఆవిడ ఇద్దత్‌లో ఉన్నారు, భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు బయటికి రారు. లోపలి గదిలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ఒళ్లో పెట్టారు. ఆసుపత్రిలో విప్పిన బట్టలు.

"ముప్ఫై ఏళ్లుగా ఆయన ప్యాంట్లు ఉతికే ముందు జేబులు వెతకడమే నా పనమ్మా. ఈసారి వెతికాను గానీ పారెయ్యబుద్ధి కాలేదు. ఈ పిక్కలు మీ ఆఫీసువి" అన్నారు.

"ఆఫీసువి కాదు పిన్నీ, ఆయనవే" అన్నాను.

"ఆయనవైతే ఇక్కడే ఉండేవిగా" అని ఆవిడ అటు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

కుడిజేబులో విడి పిక్కలు నాలుగు. ఎడమజేబులో జేబురుమాలు. దానికి ముడి వేసి ఉంది.

లెక్క మధ్యలో పోయారనే ఇన్నాళ్లూ అనుకున్నాను. తువ్వాలు లేవలేదు కదా, అందుకే కాగితంలో ఆయన గడి ఖాళీగానే ఉంచాను, ఆయన చెప్పినట్టే. కానీ ముడి పడి ఉంది. ఆయన లెక్క పూర్తి చేశారు. తువ్వాలు ఎత్తేలోపు మాత్రమే ఆగిపోయారు. పిన్ని ముందే ముడి విప్పి లెక్కపెట్టాను. పదహారు. మళ్లీ లెక్కపెట్టాను. పదహారే.

ఆ రోజు నా లెక్క నూట నలభై. అలుగు మూల చెట్లు పోయాక మా ఇద్దరికీ ఎప్పుడూ ఐదారు కొంగలకి మించి తేడా రాలేదు. రెండు పిక్కలు, అంటే ఇరవై కొంగలు ఎక్కువ చూశారాయన. ఆయన పొరపాటు పడ్డారని అనుకోవడానికి నాకు మనసొప్పలేదు. వయసు మీద పడింది, ఒంట్లో బాగాలేదు, తప్పి ఉండొచ్చు అని సార్ మెల్లగా అన్నారు. నేను పిక్కల్ని ఏరి ఆయన జేబురుమాల్లో మూటగట్టి నా దగ్గరే పెట్టుకున్నాను.

మొన్న ఆదివారం ఒక్కదాన్నే వెళ్లాను. నా కొసన ఆగలేదు. కట్టమ్మట నడిచి, ఎనిమిదేళ్లలో ఆయన్ని తీసుకురావడానికి ఒక్కసారే వెళ్లిన ఆ చోటికి, అలుగు పక్క రాయి దగ్గరికి వెళ్లాను. ఆ రోజు ఆయన్ని తప్ప ఇంకేమీ చూడలేదు నేను. ఈసారి తలెత్తి చూశాను.

మొద్దులు చచ్చిపోలేదు. పక్కనుంచి చిగిర్చి, నా ఎత్తుకి రెండింతలు పెరిగి, చెట్లయ్యాయి. వాటి మీద గూళ్లు. పచ్చి పుల్లలతో, ఈ ఏడే కట్టిన గూళ్లు. గూటికి ఒకటో రెండో కొంగలు. నా కుడిజేబులో పోసుకొచ్చిన ఆయన పిక్కల్ని ఒక్కొక్కటే ఎడమజేబులో వేసుకుంటూ లెక్కపెట్టాను. పది. ఇంకో పది. ఇంకో మూడు.

ఆ ఆదివారం ఆయన ఇవి చూశారు. ముడి వేసుకున్నారు. ఎనిమిదేళ్ల తర్వాత ఆ గడిలో సున్నా కాకుండా ఇంకో మాట నాకు చెప్పడానికి, తువ్వాలు చేతిలోకి తీసుకున్నారు. జీపు దగ్గర ఆ రోజు నా మొహంలోకి చూసి చెప్పి ఉండేవారు. అది తలుచుకుంటే ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలనీ అనిపించలేదు.

చెరువంతా లెక్క పూర్తి చేశాక ఆయన జేబురుమాల్లోనే పిక్కలు ముడి వేశాను. నాలుగు వారాల కిందటి కాగితం తీసి, ఆయన ఖాళీ గడిలో నూట అరవై అని రాశాను. అలుగు మూల దగ్గర ఇరవై. తర్వాత నా తువ్వాలు తీసి పైకెత్తి ఊపాను. అవతలి కొసన, నేను ఎప్పుడూ నిలబడే చోట, కట్ట ఖాళీగా ఉంది. చెయ్యి నొప్పెట్టేదాకా అలాగే ఎత్తి ఉంచాను. నడుమ తుమ్మల మీదినుంచి కొంగలు ఒక్కొక్కటే లేచి, పొలాల మీదుగా మేతకి వెళ్లిపోయాయి.